పారని ఏటి ఒడ్డున కాపురం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హిందూపురంలో జరిగిన సభలో సంఘ సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు డిసెంబరు 17. పెన్షన్ అనేది దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మనకు ఇది పండుగ రోజు. ఏటా ఈ సభలో కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. వాటికి కార్యదర్శి గారు ఉన్నారు. నన్ను మాత్రం "పదవీ విరమణ తరువాత మన ఊళ్ళలో జీవనం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వక్తను కాను. చైన్‌మన్‌గా చేరి, సర్వేయర్‌గా దిగినవాడిని. 36 సంవత్సరాలు గొలుసుతోనే గడిచింది. గొలుసు పట్టేవాడు నోటి లెక్క నమ్మడు కనుక వ్రాసుకొని వచ్చాను. తప్పులుంటే మన్నించండి.

మొన్న దసరా సెలవుల్లో మా మనుమరాలు బెంగుళూరు నుండి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. "మనది నది ఒడ్డు ఊరమ్మా, చూపిస్తాను రా" అని పెన్న వంతెన మీదికి తీసుకుపోయాను. పిల్ల అటూ ఇటూ చూసింది. ఇసుక, కంపచెట్లు, దూరంగా మేస్తున్న మేకలు. "తాతా, నది ఏది?" అని అడిగింది. "ఇదే" అన్నాను. "మరి నీళ్ళు?" అంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాను అనుకోండి.

మన పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుడుతుంది. గౌరీబిదనూరు మీదుగా, విదురాశ్వత్థం పక్కగా ఉత్తరానికి నడిచి హిందూపురం దగ్గర మన రాష్ట్రంలోకి వస్తుంది. అందుకే దీనిని ఉత్తర పినాకిని అంటారు. తుమకూరు వైపు దేవరాయనదుర్గంలో పుట్టిన జయమంగళి మన దగ్గరే దీనిలో కలుస్తుంది. ధర్మవరం పక్కన పారే చిత్రావతి కూడా ఆ నంది కొండల బిడ్డే. బాగేపల్లి, పుట్టపర్తి, ధర్మవరం చూసుకొని వెళ్ళి కడప జిల్లాలో అక్కను కలుస్తుంది. పుట్టింది ఒక ఇంట, మెట్టింది వేరు వేరు దారుల, కలిసింది ఎక్కడో. ఆ తరువాత ఇద్దరూ ఒకటై నెల్లూరు దాటి సముద్రంలో చేరతారు. పెన్న మొత్తం నడక 597 కిలోమీటర్లు.

ఈ రెండు ఏర్ల నడుమ ఉన్నది పెనుకొండ. ఘనగిరి అని పాత పేరు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడినప్పుడు తిరుమల దేవరాయలు రాజధానిని ఈ కొండ కిందికి తెచ్చుకున్నాడు. గగన్ మహల్ ఇప్పటికీ ఉంది. బాబయ్య స్వామి దర్గా, పార్శ్వనాథుని జైన ఆలయం, రామాలయం, శివాలయం అన్నీ ఒక్క గంటలో నడిచి చూడవచ్చు. మన మూడు ఊళ్ళలో ఏది పెద్దదని వాదించుకోవడం మనకు అలవాటు. చింతపండు, పట్టుగూళ్ళ మార్కెట్లు చూసి హిందూపురం వాళ్ళు, కోట చూసి పెనుకొండ వాళ్ళు, పట్టుచీర చూసి ధర్మవరం వాళ్ళు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చి పుట్టపర్తి కేంద్రం అయిన తరువాత ఆ వాదన కొంత తగ్గింది.

నేను 1974లో పెనుకొండలో చైన్‌మన్‌గా చేరాను. అప్పుడు మీటర్ గేజి రైలు. మలుగూరు, చాకర్లపల్లి దాటి పెనుకొండ కొండ కనిపించేసరికి చొక్కా మీద బొగ్గు నుసి. నాకు పని నేర్పిన సర్వేయర్ గారు కోపిష్టి, కాని విద్య దాచుకోని మనిషి. గొలుసు 66 అడుగులు, 100 లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరా అని మొదటి రోజే బట్టీ పట్టించారు. రెండవ రోజు ఏట్లోకి తీసుకుపోయారు. మే నెల. చుక్క నీరు లేదు. "ఇక్కడ తవ్వురా" అన్నారు. చేతులతోనే ఇసుక తీశాను. మోచేతి లోతు పోయేసరికి తడి, ఇంకొంచెం పోయేసరికి నీళ్ళు ఊరాయి. ఆ చెలమ నీళ్ళు దోసిలితో తాగి, "ఏరు పారలేదని పటంలో ఏరు తీసేయకూడదురా, అది కింద పారుతూ ఉంటుంది" అన్నారు. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని సంగతి తరువాత చెబుతాను.

మన పెద్దలు ఆ కింది నీటితోనే బ్రతికారు. ఊట కాలువ అంటే ఈ తరానికి తెలియదు. ఏటి ఇసుకలో పొడవుగా గాడి తవ్వుతారు. ఇసుకలో ఊరిన నీరు ఆ గాడిలోకి దిగుతుంది. ఏటి వాలు కంటే కాలువ వాలు తక్కువగా పెడతారు కాబట్టి కొంత దూరం పోయేసరికి ఆ నీరు గట్టెక్కి పొలం మీద పారుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఏటా ఇసుక తీయడానికి ఊరంతా చేతులు కలపాలి, అంతే. ఇసుక ఉన్నంత కాలం, ఊరు ఒక్కటిగా ఉన్నంత కాలం అది పారింది. బోర్లు వచ్చిన తరువాత ఎవరి మోటారు వారిది అయింది. ఇసుక లారీలకెక్కింది. తేమ పట్టి ఉంచే ఇసుకే లేకపోతే చెలమ ఎక్కడిది?

ఇక పైనుండి రావలసిన నీటి మాట. మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య 1892లోనే ఒక ఒప్పందం జరిగింది. పెన్న, చిత్రావతి వంటి నదుల మీద ఎగువన కొత్త కట్టడాలు కట్టాలంటే దిగువ వారిని అడగాలి అన్నది దాని సారం. సరిహద్దు ఏరు సంగతి అంతకంటే పాతది. కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో ఒక శాసనం వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. ఆ దోషాలలో ఒకటి ఏమిటో తెలుసా? చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం! ఆరు వందల సంవత్సరాల క్రిందటి మనిషి మన బాధ తెలిసినట్లే చెక్కించి పెట్టాడు. ఎగువన చెరువులన్నీ నిండి అలుగు పారితే గాని మనకు పెన్న రాదు. పేరూరు డ్యామ్ నిండిన సంవత్సరాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మరి ఇప్పుడు మనం తాగుతున్నది ఏ నీరు? మొదట శ్రీరామిరెడ్డి పథకం కింద పెన్న అహోబిలం రిజర్వాయర్ నుండి తుంగభద్ర నీళ్ళు వచ్చాయి. తరువాత శ్రీశైలం వెనుక నుండి హంద్రీ-నీవా కాలువలో ఎన్నో లిఫ్టులు ఎక్కి గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరిన కృష్ణ నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో తయారీ మొదలుపెట్టిన కియా కార్ల ఫ్యాక్టరీకి కూడా ఆ గొల్లపల్లి నీళ్ళే. అంటే పెన్న ఒడ్డున కూర్చొని కృష్ణ నీళ్ళు తాగుతున్నాం. మంచిదే. ఒకప్పుడు వేసవిలో ట్యాంకర్ వెనుక బిందెలు పట్టుకొని పరుగెత్తిన ఆడవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. వారికి ఆ కుళాయి చప్పుడు సంగీతం. కాని దూరపు నీరు వచ్చిందని దగ్గరి నీటిని మరచిపోవడం మాత్రం పొరపాటు.

నన్ను చాలామంది అడుగుతారు, "పిల్లలు బెంగుళూరులో ఉన్నారు కదా, మీరు ఇక్కడెందుకు?" అని. ఉండి చూశాను. 2024 మొదట్లో మా అబ్బాయి పట్టుబట్టి యలహంక వైపు వాళ్ళ అపార్టుమెంటుకు తీసుకుపోయాడు. కోడలు మంచి పిల్ల, లోటు చేయలేదు. అయితే ఆ వేసవిలోనే బెంగుళూరులో బోర్లు ఎండిపోయి నీటి కటకట వచ్చింది. పదకొండవ అంతస్తులో బకెట్టు లెక్కన నీళ్ళు వాడుకున్నాం. ట్యాంకర్ ఎప్పుడు వస్తుందా అని మా ఇంటావిడ బాల్కనీలో నిలబడి చూసేది. "ఏమండీ, దీనికి ఇంత దూరం రావాలా? హిందూపురంలో ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాను కదా" అంది. నాలుగు నెలలకు తిరిగి వచ్చేశాం.

ఇక్కడ అన్నీ ఉన్నాయని నేను చెప్పను. గుండెనొప్పి వస్తే పుట్టపర్తిలో 1991లో పెట్టిన పెద్దాసుపత్రికో, బెంగుళూరుకో పరుగెత్తాలి. రాత్రి రెండు గంటలకు ఆ పరుగు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాట్లాడే మనుషులు కూడా ఏటేటా తగ్గిపోతున్నారు. అయినా రెండు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు, సాయంత్రానికి గాలి చల్లబడుతుంది. గంటన్నర నడిస్తే పది మంది పలకరిస్తారు. లేపాక్షి 15 కిలోమీటర్లు. ఇంటికి ఎవరైనా చుట్టాలు వస్తే ఆ పెద్ద నందిని, వీరభద్రుని గుడి పైకప్పు మీద బొమ్మల్ని నేనే చూపిస్తాను. చేతికి గొలుసు లేదు గాని కొలిచే అలవాటు పోలేదు. ప్రతి స్తంభానికి ఒక కథ చెబుతాను. పెన్షన్ డబ్బుకు ఇక్కడ గౌరవం ఉంది. అక్కడ అదే డబ్బు పార్కింగ్ చార్జీకి సరిపోదు.

మిత్రులారా, ఇంతవరకు చెప్పినది మీకు తెలిసినదే. ఇప్పుడు మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఇది చెప్పడానికి నాకు చాలా సంవత్సరాలు పట్టింది.

1999లో నేను ఈ మూడు ఊళ్ళలో ఒక ఊరిలో పని చేస్తున్నాను. ఏ ఊరో చెప్పను. అక్కడ చెరువులోకి నీరు తెచ్చే ఒక వంక ఉండేది. దాని పక్క భూమిలో ప్లాట్లు వేయడానికి దరఖాస్తు వచ్చింది. నన్ను కొలిచి రిపోర్టు వ్రాయమన్నారు. పటం తీసుకొని వెళ్ళాను. పటంలో వంక 70 లింకుల వెడల్పున స్పష్టంగా ఉంది. నేల మీద మాత్రం ఏమీ లేదు. కరువు సంవత్సరాలు వరుసగా వచ్చాయి కదా, రెండు వైపుల వాళ్ళూ దున్నుకుంటూ వచ్చి చదును చేసేశారు. ఒక సర్వే రాయి కంపచెట్టు కింద దొరికింది. రెండవ రాయి దొరకలేదు. పొద్దు వాలుతోంది. చివరి బస్సు ఉంది. "క్షేత్రంలో వంక ఆనవాళ్ళు లేవు, నీటి ప్రవాహం లేదు" అని వ్రాసి సంతకం పెట్టాను.

డబ్బు తీసుకోలేదు. ఒక టీ మాత్రం తాగాను. వ్రాసినది అబద్ధం కూడా కాదు. కాని "పటం ప్రకారం వంక 70 లింకులు ఉన్నది, ఆక్రమణలో ఉన్నది, ఒక రాయి దొరికినది" అని వ్రాయవలసిన మూడు మాటలు వ్రాయలేదు. చెలమ తవ్వించి మా గురువు గారు చెప్పిన మాట ఆ సాయంత్రం నాకు గుర్తు రాలేదు. ప్లాట్లు పడ్డాయి, ఇళ్ళు వచ్చాయి. నేను 2010లో పూలదండ వేయించుకొని దిగిపోయాను.

2021 నవంబరు వానలు మీ అందరికీ గుర్తు ఉన్నాయి. చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతిలో చిక్కుకున్న మనుషుల్ని వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి తీసింది ఆ రోజుల్లోనే. చాలా ఏళ్ళకు ఏర్లు పారాయని మనమంతా వంతెనల మీదికి పోయి ఫోటోలు తీసుకున్నాం. ఏటికి పసుపు కుంకుమ వేసిన ఆడవాళ్ళను చూశాను. నాకు మాత్రం ఆ వంక గుర్తుకు వచ్చింది. మూడవ రోజు గొడుగు పట్టుకొని వెళ్ళాను.

నీళ్ళు సరిగ్గా పటంలో ఉన్న దారినే వచ్చాయి. 70 లింకులు, కొలిచినట్లు. ఆ గీత మీద ఉన్న ఇళ్ళలోనే మోకాలి లోతు బురద. అటు ఇటు ఉన్న ఇళ్ళు పొడిగా ఉన్నాయి. ఒక ఇంట్లో గుంత మగ్గం ఉంది. మగ్గం గుంత నిండా నీళ్ళు. సగం నేసిన పట్టుచీర పడుగుతో సహా తడిసిపోయి రంగు దిగింది. పట్టు షావుకారుది, నష్టం నేసిన వారిది. ఆ ఇంటి పెద్దావిడ చెంబుతో నీళ్ళు తోడి వాకిట్లోకి పోస్తోంది. నన్ను ఎవరో ఆఫీసరు అనుకుంది. "ఇల్లు కట్టుకొని పదైదేండ్లాయ సారూ. ఈడ వంక వుండేదని మాకు ఎవురూ చెప్పల్యా" అంది.

చెప్పవలసిన వాడిని నేనే. ఆమె ముందు నోరు రాలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. మా ఇంటావిడ అడిగితే అప్పుడు మొదటిసారి చెప్పాను. "నాకు చెప్తే ఏం లాభం? చెప్పవలసిన చోట చెప్పండి" అంది.

పోయిన సంవత్సరం చెప్పాను. 1999 నాటి నా రిపోర్టు అసంపూర్ణమని, పటం ప్రకారం అక్కడ వంక ఉన్నదని నా సంతకంతో వ్రాసి అర్జీ ఇచ్చాను. రసీదు ఉంది, సమాధానం ఇంకా రాలేదు. ఇళ్ళు కూలగొట్టమని నేను అడగలేదు. ఆ పేదలు తెలిసి చేసిన తప్పు కాదు. రోడ్డు పక్కన ఆ నీరు పట్టేంత కాలువ కట్టమని అడిగాను. కొందరు మిత్రులు "ఎందుకయ్యా, పెన్షన్‌కు ఇబ్బంది వస్తే?" అని హెచ్చరించారు. నాకూ భయం వేసింది, దాచడం ఎందుకు? కాని పెన్షన్ చేసిన సేవకు ప్రతిఫలమని కోర్టు చెప్పింది కదా. ఆ సేవలో ఒక మూల నేను చేయకుండా వదిలేసిన పని ఉంది. అది చేసి తీసుకుంటేనే నాకు నిద్ర పడుతుంది.

ఇప్పుడు సభకు నా విన్నపం. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే డ్రోన్లతో మొదలయింది. మంచి సాధనం, మా గొలుసు కంటే నూరు రెట్లు నయం. కాని డ్రోనుకు ఈనాటి గోడ కనిపిస్తుంది. ఆ గోడ కింద నిన్నటి వంక కనిపించదు. అది తెలిసిన వాళ్ళం మనమే. ఈ హాలులో సర్వేయర్లు ఉన్నారు, ఇరిగేషన్ లస్కర్లు ఉన్నారు, పల్లె పల్లె తిరిగిన టీచర్లు, పోస్టుమన్లు ఉన్నారు. ఊళ్ళలో నీరుగంటి పని చేసిన ముసలివారు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. ఏ చెరువుకు ఏ వంక, ఏ అలుగు ఎటు పారేది, ఏ కాలువ ఎక్కడ పూడింది అని చెప్పగలిగిన వారు మరో పది సంవత్సరాలకు ఎంతమంది ఉంటాం?

అందుకని ప్రతి నెల రెండవ శనివారం మన సంఘం ఆఫీసులో కూర్చుందాం. ఒక్కొక్కరు తమకు తెలిసిన ఒక్క చెరువు, ఒక్క వంక గురించి వ్రాయండి. నమూనా కాగితం నేను తయారు చేశాను. చెరువు పేరు, నీరు వచ్చే దారి, నీరు పోయే దారి, గుర్తు ఉన్న వరద సంవత్సరం, ఇప్పటి స్థితి, ఇంతే. పాత పటాల నకళ్ళకు దరఖాస్తు పెట్టి, సమాచార హక్కు కింద అడిగి తెప్పించే పని నేను చూసుకుంటాను. నడవగలిగిన వారు నాతో కూడా వస్తే దొరికిన రాళ్ళకు సున్నం పూసి వద్దాం. తయారైన జాబితా తహసీల్దారుకు, మునిసిపాలిటీకి, పంచాయతీకి రసీదు తీసుకొని ఇద్దాం. స్థలం కొనబోయే పేదవాడు ఎవరైనా మన ఆఫీసుకు వచ్చి అడిగితే చెప్పుదాం. అతను కొంటాడా మానుతాడా అతని ఇష్టం. "ఎవురూ చెప్పల్యా" అనే మాట మాత్రం ఇంకొకరి నోట రాకూడదు.

చివరగా మా మనుమరాలి సంగతి. ఆ రోజు వంతెన దిగి ఇద్దరం ఏట్లోకి పోయాం. మోకాళ్ళు సహకరించకపోయినా కూర్చొని ఇసుక తవ్వాను. మోచేతి లోతు పోయినా తడి తగలలేదు. పిల్లకు విసుగు వచ్చి "పోదాం తాతా" అంది. ఇంకొంచెం అన్నాను. ఇద్దరం కలిసి తవ్వాం. భుజం దాకా పోయిన తరువాత ఇసుక నల్లబడింది. చేతికి చల్లగా తగిలింది. నీరు ఊరలేదు, తడి మాత్రం ఉంది. పిల్ల ఆ తడి ఇసుకను పిడికిట్లో పట్టుకొని ఇంటిదాకా తెచ్చి నాయనమ్మకు చూపించింది. "ఇది నది" అని చెప్పింది.

రెండవ శనివారం ఉదయం పది గంటలకు. కాగితాలు కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి. మొదటి కాగితం నేను నింపి ఇచ్చాను.